అమెరికాలో ముసలివాళ్లు పిల్లల దగ్గర ఎందుకు ఉండరు? కుటుంబాల కథ కాస్త వెనక నుంచి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి, అల్లుడు డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు, వచ్చి తమతోనే ఉండిపొమ్మని మిమ్మల్ని అడుగుతున్నారు. "అమెరికా వాళ్లు కూడా ఒకప్పుడు మనలాగే కలిసి ఉండేవారట, డబ్బూ స్వేచ్ఛా ఎక్కువై చెడిపోయారట. నిజమేనా? అక్కడికి వెళితే మా ఇల్లూ అలాగే అవుతుందా?" అన్నది మీ సందేహం. మొదటి సగం తేలితే గానీ రెండో సగం తేలదు. అందుకని జవాబు పొడుగవుతోంది, ఓపిక పట్టండి.

నేను 1984లో ఒహాయో రాష్ట్రానికి కాపురానికి వచ్చాను. ఇక్కడే సోషల్ వర్క్ చదివి, ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) వృద్ధుల సేవా విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లడం నా ఉద్యోగం. వంట ఎవరు చేస్తున్నారు, మందులు ఎవరు అందిస్తున్నారు, మెట్లు ఎక్కగలరా, పిల్లలు ఎంత దూరంలో ఉన్నారు అని అడిగి కాగితం నింపాలి. అందుకు ఇరవై నిమిషాలు చాలు. మిగిలిన గంటా వాళ్లు పాత సంగతులు చెబుతుంటే వినడమే. నేను ఉద్యోగంలో చేరేనాటికి 1900 ప్రాంతంలో పుట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి వాళ్ల అవ్వాతాతల కాలం నుంచి నాకు తెలిసింది కొంత చదువు వల్ల, కొంత వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చోవడం వల్ల.

చెడిపోయారు అనే మాట నేను ఒప్పుకోను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే: ఎవరి తిండి ఎవరి చేతిలో ఉంది అన్నది మారిన ప్రతిసారీ ఇక్కడి ఇళ్ల ఆకారం మారింది. మనుషుల గుణం మారిందేమో నాకు తెలియదు గానీ, జమాఖర్చు మాత్రం మారింది.

ముందు ఒక అపోహ తీసేయాలి. అన్నదమ్ములు పెళ్లిళ్లయ్యాక కూడా ఒకే పొయ్యి మీద వండుకుని, ఆస్తి పంచుకోకుండా ఉండే మన ఉమ్మడి కుటుంబం ఇక్కడి తెల్లవారిలో ఎప్పుడూ వాడుకలో లేదు. పెళ్లయితే వేరు కాపురమే. అది ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న అలవాటు. ఇళ్లు పెద్దవిగా ఉండేవన్నది మాత్రం నిజం. 1790లో తీసిన మొదటి జనాభా లెక్కల్లో ఇంటికి సగటున ఆరుగురికి దగ్గరగా ఉన్నారు, ఇప్పుడు ఇద్దరున్నర. అప్పటి ఇల్లు నిండింది పెద్దల వల్ల కాదు, పిల్లల వల్ల. 1800 ప్రాంతంలో ఒక్కో స్త్రీకి సగటున ఏడుగురు పుట్టేవారు. పొలంలో పనిచేసే కూలివాడో, తర్ఫీదుకు వచ్చిన కుర్రవాడో కూడా ఆ కప్పు కిందే ఉండేవాడు.

ముసలివాళ్లు మాత్రం పిల్లల దగ్గరే ఉండేవారు. 1850 ప్రాంతంలో 65 దాటినవాళ్లలో దాదాపు వందకు 70 మంది కొడుకుతోనో కూతురితోనో ఉండేవారు. పోయిన శతాబ్దం చివరికి అది 15 కంటే తగ్గిపోయింది. ఈ రెండు అంకెలే చూస్తే అయ్యో అనిపిస్తుంది. కానీ ఏడుగురు పిల్లలున్న దంపతులు ఉండేది ఒక్కరి దగ్గరే, మిగతా ఆరు ఇళ్లలో తాతా నాయనమ్మా ఉండరు. పైగా ఆ వయసు దాకా బతికేవాళ్లే తక్కువ. కాబట్టి ఏ కాలంలో చూసినా అమెరికాలో ఎక్కువ ఇళ్లు తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న ఇళ్లే.

ఆ ఒక్క ఇంట్లోనైనా పెద్దలు ఎలా ఉండేవారు? నాకు కళ్లు తెరిపించిన సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లేదాన్ని. ఒహాయో దక్షిణాన పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. రేకు పెట్టెలో పాత దస్తావేజు దాచుకుంది. ఆవిడ తాతగారు పొలాన్ని కొడుకు పేరిట రాసినప్పటి కాగితం. పొలం ఊరికే రాయలేదు. ఏడాదికి ఇన్ని బస్తాల గోధుమలు, ఇంత పంది మాంసం, శీతాకాలానికి చీల్చిన కట్టెలు, తూర్పు గది, బావి దగ్గరికి దారి, ఆదివారం చర్చికి వెళ్లడానికి గుర్రం. ఇవన్నీ కొడుకు తల్లిదండ్రులకు బతికినంతకాలం ఇవ్వాలి, ఇవ్వకపోతే పొలం వెనక్కి. కన్నకొడుకు దగ్గర ఇంత రాయించుకోవడమేమిటని నేను నోరు వెళ్లబెట్టాను. ఆవిడ నవ్వి, "రాయించుకోకపోతే మా అమ్మ అత్తమామలకు కట్టెలు ఇచ్చేదనుకున్నావా?" అంది.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆ కుటుంబం ప్రత్యేకమేమీ కాదు. మసాచుసెట్స్ లాంటి పాత ఇంగ్లీషు వలస రాజ్యాల్లో పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల వీలునామాల్లో కూడా ఇలాంటి షరతులు కనిపిస్తాయి. భార్యకు ఏ గది, ఎన్ని ఆవులు, ఎన్ని కట్టెలు అని తండ్రి లెక్కగా రాసిపోయేవాడు. కొడుకులకు ముప్పై ఏళ్లు వచ్చినా భూమి పట్టా చేతికి ఇవ్వని తండ్రులు ఎందరో. ప్రేమ లేదని కాదు. ప్రేమతో పాటు భూమి కూడా చేతిలో ఉండేది, అంతే. ఆ భూమి లేనివాళ్లు, పిల్లలు లేనివాళ్లు కౌంటీ నడిపే పేదల ఆశ్రమానికి చేరేవారు. నేను చూసుకున్న పెద్దల్లో ఆ ఆశ్రమం పేరు చెబితే గొంతు తగ్గించేవారిని చూశాను.

పిల్లల సంగతి కూడా ఇలాంటిదే. 1900 లెక్కల్లో 10 నుంచి 15 ఏళ్ల వయసున్నవాళ్లు 17 లక్షలకు పైగా పనుల్లో ఉన్నారు. దేశమంతటికీ వర్తించేలా బాలకార్మికతకు గట్టి కట్టడి వచ్చింది 1938లో. 1854 నుంచి 1929 దాకా న్యూయార్క్ లాంటి తూర్పు నగరాల నుంచి అనాథలను, అనాథలు కాని పేద పిల్లలను కూడా రైళ్లలో ఎక్కించి పడమటి పల్లెల్లో పెంపకానికి పంపారు. రెండు లక్షలకు పైనే. స్టేషన్లో దింపి వరసగా నిలబెడితే, రైతులు వచ్చి కండలు తడిమి చూసుకుని తీసుకుపోయేవారు. పాత రోజుల్లో కుటుంబాలు ఎంత గట్టిగా ఉండేవో అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఈ రైళ్లు గుర్తొస్తాయి.

నల్లజాతి కుటుంబాల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లడం తప్పు. బానిసత్వంలో వాళ్ల పెళ్లికి చట్టంలో విలువే లేదు. భార్యను ఒక రాష్ట్రానికి, బిడ్డను మరో రాష్ట్రానికి అమ్మేయవచ్చు. 1865లో విడుదలయ్యాక దశాబ్దాల పాటు వాళ్లు పత్రికల్లో ప్రకటనలు ఇచ్చుకున్నారు: నా తల్లి పేరు ఇది, మమ్మల్ని ఫలానా చోట విడదీశారు, తెలిసినవారు చెప్పండి అని. 1910 నుంచి 1970 వరకు సుమారు 60 లక్షల మంది దక్షిణాది వదిలి క్లీవ్‌లాండ్, షికాగో, డెట్రాయిట్ లాంటి నగరాలకు వచ్చారు. నేను చూసుకున్నవాళ్లలో అలబామా నుంచి వచ్చిన పెద్దావిడలు చాలామంది. ఎనభై ఏళ్ల వయసులో మనవరాలి బిడ్డకు జడ వేస్తూ నాతో మాట్లాడేవారు. ఆ ఇళ్లలో అమ్మమ్మే దూలం. ఒంటరిగా ఉంటున్నారా అన్న నా కాగితంలోని ప్రశ్న వాళ్లకు నవ్వు తెప్పించేది.

ఇక అసలు మలుపు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. జీతంలోంచి కొంత కోసుకుని, ముసలితనంలో ప్రభుత్వం నెలనెలా పింఛను ఇచ్చే ఏర్పాటు. 1940 జనవరి 31 తేదీతో మొదటి నెలసరి చెక్కు వెర్మాంట్ రాష్ట్రంలోని ఐడా మే ఫుల్లర్ అనే అవివాహితకు వెళ్లింది. 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ మూడేళ్లలో కట్టింది 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్లు బతికి 22,000 డాలర్లకు పైగా అందుకుంది. 1940లో అమెరికాలో నలుగురిలో ఒకరు మూడు తరాలో, పెద్దయిన రెండు తరాలో కలిసి ఉండే ఇళ్లలో ఉన్నారు. 1980కి అది వందకు 12కు పడిపోయింది.

పిల్లలు వెళ్లగొట్టారా? నేను వందలమందిని అడిగాను. ఎక్కువమంది చెప్పింది తిరకాసుగా ఉంటుంది: వెళ్లింది ముసలివాళ్లే. "చెక్కు రాగానే గది అద్దెకు తీసుకున్నాను, కోడలి మొహం చూడక్కరలేదు" అని ఒకాయన గర్వంగా చెప్పాడు. కూతురింట్లో ఎనిమిదేళ్లు పిల్లల గదిలో పడుకున్న ఒకావిడకు సొంత వంటిల్లు దొరికిన రోజు పుట్టినరోజు కంటే ఎక్కువట. 1965లో మెడికేర్ అనే, పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా వచ్చి ఆసుపత్రి ఖర్చు కూడా చాలావరకు పిల్లల చేతుల్లోంచి తప్పింది. కొనుక్కోగలిగినప్పుడు మనుషులు మొదట కొనుక్కునేది సొంత తలుపు. ఇక్కడివాళ్లే కాదు, మన ఊళ్లల్లోనూ పింఛను వచ్చే రిటైర్డ్ మాస్టారు, పింఛను లేని రైతు ఒకే వయసులో కొడుకుల ముందు ఎలా కూర్చుంటారో మీరే చూసి ఉంటారు.

నమ్మకం కుదరకపోతే మా ఒహాయోలోనే హోమ్స్ కౌంటీకి వెళ్లి చూడవచ్చు. అక్కడ ఆమిష్ అనే, పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖవారి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. గుర్రపు బళ్లు, లాంతర్లు, పొలాలు. ముసలివాళ్లను చూసుకోవడం మా ధర్మం, ప్రభుత్వ బీమా మాకు వద్దు అని వాళ్లు సోషల్ సెక్యూరిటీని తిరస్కరించారు. 1961లో పెన్సిల్వేనియాలో ఒక ఆమిష్ రైతు ఆ పన్ను కట్టలేదని అధికారులు పొలం దున్నుతున్న గుర్రాలను జప్తు చేసి తీసుకుపోయారు. అది పెద్ద గోల అయింది. చివరకు 1965లో సొంత పని చేసుకునే ఆమిష్ వాళ్లకు చట్టం మినహాయింపు ఇచ్చింది. ఇవాళ్టికీ వాళ్ల పెద్ద ఇంటిని ఆనుకుని చిన్న ఇల్లు ఉంటుంది. పొలం చిన్నకొడుకుకో, అల్లుడికో అప్పగించి తాతా అవ్వా అందులోకి మారతారు. పిల్లలు ఆరుగురో ఏడుగురో ఉండటం కూడా మానలేదు. ఇదే నేల, ఇదే చలి, ఇదే దేశం. పింఛను వద్దన్నవాళ్ల దగ్గర తాతగారి ఇల్లు మిగిలింది, పుచ్చుకున్నవాళ్ల దగ్గర పోయింది.

సినిమాల్లో, టీవీల్లో ప్రపంచమంతా చూసిన అమెరికా కుటుంబం వేరే ఉంది. నాన్న టై కట్టుకుని ఆఫీసుకు, అమ్మ ఏప్రాన్ కట్టుకుని వంటింట్లో, ముందు పచ్చిక, పక్కన కారు. చాలామంది దాన్నే సనాతన అమెరికా అనుకుంటారు. నిజానికి అది పదిహేను, ఇరవై ఏళ్ల ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 చట్టం చదువుకు డబ్బు, ఇంటికి చౌక అప్పు ఇచ్చింది. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ మీద లెవిట్‌టౌన్ అనే కాలనీ మొదలైంది. ఒకే అచ్చులో పోసినట్టు వేల ఇళ్లు, ఒక్కోటి 750 చదరపు అడుగులు. అంటే మీ అమ్మాయి ఇంట్లో కింది అంతస్తు కంటే చిన్నది. ఫ్యాక్టరీ జీతం ఒక్కటే ఇల్లు గడపడానికి సరిపోయేది. ఆడపిల్లలు సగటున ఇరవై ఏళ్లకే పెళ్లి చేసుకున్నారు. వాళ్ల అమ్మమ్మలు 1890లో 22 దాకా ఆగారు! 1957 ఒక్క ఏడాదిలో 43 లక్షల మంది పుట్టారు. 1950లో పదిళ్లలో ఒక ఇంటికి కూడా లేని టీవీ 1960కి దాదాపు తొమ్మిదిళ్లలో చేరింది. ఆ టీవీలోనే ఆ కుటుంబం తన బొమ్మ తాను చూసుకుంది.

ఆ కాలనీలో నల్లవారికి ఇల్లు అద్దెకు ఇచ్చేవారు కాదు, అమ్మేవారూ కాదు. అద్దె ఒప్పందంలోనే రాసి ఉండేది. ఆ ఏప్రాన్ కట్టిన అమ్మల్లో కొందరు నా దగ్గరికి డెబ్బై ఏళ్ల వయసులో వచ్చారు. ఒకావిడ భర్త పోయేదాకా సొంత పేరున చెక్కు రాయలేదు. పెళ్లయిన స్త్రీకి భర్త సంతకం లేకుండా అప్పు, క్రెడిట్ కార్డు ఇవ్వనంటే కుదరదని చట్టం వచ్చింది 1974లో. మరి మొదటిసారి చెక్కు పుస్తకం చూసుకున్న ఆవిడ ఏమందనుకుంటున్నారు? "లెక్కలు నాకే బాగా వచ్చు, నలభై ఏళ్లు ఆయన తప్పులు చూస్తూ ఊరుకున్నాను" అంది.

ఆ తర్వాతి కథ మీకు వార్తల్లో తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 1960లో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. 1970 నుంచి కాలిఫోర్నియాలో, ఎవరి తప్పూ రుజువు చేయకుండానే విడాకులు ఇచ్చే చట్టం అమలైంది, ఒక్కొక్క రాష్ట్రమూ అదే దారి పట్టింది. న్యూయార్క్ మాత్రం 2010 దాకా బిగదీసుకుంది. 1967లో జాతులు వేరైనవారి పెళ్లిళ్లపై నిషేధాలను, 2015లో స్త్రీ స్త్రీని, పురుషుడు పురుషుణ్ణి పెళ్లాడటంపై నిషేధాలను సుప్రీంకోర్టు కొట్టేసింది. విడాకులు 1980 ప్రాంతంలో వెయ్యి జనాభాకు అయిదు దాటి శిఖరానికి చేరాయి, అప్పటి నుంచి తగ్గుతున్నాయి. ఇప్పుడు రెండున్నర లోపే. మన వాట్సాప్ బృందాల్లో ఇంకా పాత శిఖరమే తిరుగుతోంది. తగ్గడానికి ఒక కారణం, పెళ్లిళ్లే తగ్గాయి. వరుడికి సగటున ముప్పై, వధువుకు ఇరవై ఎనిమిది దాటాకే పెళ్లి. పుట్టే పిల్లల్లో వందకు 40 మంది పెళ్లికాని తల్లులకు పుడుతున్నారు, 1960లో అయిదుగురే. ఒంటరి మనిషి ఉండే ఇళ్లు 1940లో వందకు ఎనిమిది, ఇప్పుడు 28 దాకా. డిగ్రీ చదివినవాళ్లు ఆలస్యంగా చేసుకుని నిలబెట్టుకుంటున్నారు, చదువూ స్థిరమైన ఉద్యోగమూ లేనివాళ్లకు పెళ్లే అందని సరుకైంది. నన్ను బాధపెట్టేది విడాకుల అంకె కాదు, ఈ తేడా.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది పసిపిల్లల సంగతి. 1986లో మా పెద్దమ్మాయి పుట్టింది. అమ్మ రాలేకపోయింది. టికెట్టు ధర మా మూడు నెలల అద్దె. ఫోనులో మూడు నిమిషాలు మాట్లాడటానికి ముందు కాగితం మీద రాసుకునేవాళ్లం. ఆరో వారానికి నేను పనిలోకి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి కాన్పు సెలవు ఇవ్వాలని దేశవ్యాప్త చట్టమే లేదు. 1993లో వచ్చింది, అదీ 12 వారాలు, జీతం లేకుండా, యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట్ల మాత్రమే. జీతంతో కూడిన కాన్పు సెలవు దేశమంతటికీ ఇవాళ్టికీ లేదు. 1971లో దేశమంతా శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లు రెండు సభల్లోనూ నెగ్గి అధ్యక్షుడు నిక్సన్ బల్ల మీదికి వెళితే, అది కుటుంబాన్ని బలహీనపరుస్తుందని ఆయన తిప్పికొట్టాడు.

అంటే ఈ దేశం ముసలివాళ్ల తిండిని తన చేతుల్లోకి తీసుకుంది, పసిపిల్లల పాలను మాత్రం తల్లిదండ్రుల చేతుల్లోనే వదిలేసింది. ఇప్పుడు 18 ఏళ్ల లోపు పిల్లలున్న తల్లుల్లో నలుగురిలో ముగ్గురికి దగ్గరగా ఉద్యోగాల్లో ఉన్నారు లేదా వెతుక్కుంటున్నారు. పిల్లలను ఎవరు చూడాలి? డే కేర్ బిల్లు చాలాచోట్ల ఇంటి అద్దెతో పోటీపడుతుంది. తండ్రులు కొంత ఎత్తుకున్నారు. 1965లో వారానికి రెండున్నర గంటలు పిల్లల పని చేసిన తండ్రి ఇప్పుడు ఎనిమిది గంటలు చేస్తున్నాడు. ఆశ్చర్యమేమిటంటే తల్లులు కూడా, ఉద్యోగాలు చేస్తూనే, అప్పటికంటే ఎక్కువ సమయం పిల్లలకు ఇస్తున్నారు. మిగిలిన సందును ఎవరో ఒకరు పూడ్చాలి. మన తెలుగువాళ్ల ఇళ్లల్లో దాన్ని పూడ్చింది ఆరు నెలల విజిటర్ వీసా. పురిటికి అమ్మ వస్తుంది, ఆరు నెలలయ్యాక అత్తగారు దిగుతారు, ఆవిడ వెళ్లేలోపు మళ్లీ అమ్మ. నా అమెరికన్ సహోద్యోగినులు మొదట జాలిపడేవారు, అన్ని నెలలు అత్తగారితో ఎలా అని. సొంత పిల్లలు పుట్టాక వాళ్ల చూపు మారింది. "మీ అమ్మకు ఎంత ఇస్తావు?" అని ఒకామె నిజంగానే అడిగింది.

వాళ్ల ఇళ్లూ మళ్లీ దగ్గరవుతున్నాయి. తరాలు కలిసి ఉండే ఇళ్లవాసులు 1980లో వందకు 12, 2021కి 18 అయ్యారు. దాదాపు ఆరు కోట్ల మంది. ఆసియన్, నల్లజాతి, లాటినో కుటుంబాల్లో నలుగురిలో ఒకరు. కోవిడ్ వచ్చిన 2020 వేసవిలో 18 నుంచి 29 ఏళ్లవాళ్లలో సగానికి మించి తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నారు. ఇళ్ల ధరలు, చదువుల అప్పులు, డే కేర్ బిల్లు, ఇవే కారణాలు. ఎవరికీ హఠాత్తుగా సంస్కారం పుట్టుకురాలేదు, పోయినప్పుడూ సంస్కారం పోయి కాదు. కాలిఫోర్నియాలో పెరట్లో చిన్న ఇల్లు కట్టుకోవడానికి 2016 నుంచి వరసగా నిబంధనలు సడలించారు. దానికి వాడుక పేరే అవ్వగారి వాటా.

అమెరికన్లు అమ్మానాన్నలను వృద్ధాశ్రమంలో పడేస్తారన్నది కూడా సరిచేసుకోండి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ అది మంచానపడినవాళ్లను ఏళ్ల తరబడి చూసే చోటు. 65 దాటినవాళ్లలో అలాంటి చోట ఉన్నవాళ్లు వందకు అయిదుగురి కంటే తక్కువ. సగం మంది అమెరికన్లు తల్లికి పద్దెనిమిది మైళ్ల లోపే ఉంటున్నారు. అయిదు కోట్ల మందికి పైగా ఇంట్లోవాళ్లకో, దగ్గరివాళ్లకో జీతం లేకుండా సేవ చేస్తున్నారు. నేను వెళ్లిన ఇళ్లల్లో పొద్దున్నే వచ్చి తల్లికి ఇన్సులిన్ వేసి పనికి పరుగెత్తే కూతుళ్లు ఎందరో. ఒకే ఇంట్లో ఉండరు, అంతే.

ఇప్పుడు మీ సంగతి.

వలస వచ్చినవాళ్ల కుటుంబాన్ని ఇక్కడ ప్రభుత్వమే కత్తిరించి కుట్టింది. వందేళ్ల కిందట పంజాబీ రైతులు కాలిఫోర్నియాకు వచ్చినప్పుడు భార్యలను తెచ్చుకోనివ్వలేదు, తెల్లవారిని పెళ్లాడనివ్వలేదు. కొన్ని వందలమంది మెక్సికన్ స్త్రీలను చేసుకుని ఇంపీరియల్ లోయలో స్థిరపడ్డారు. 1965 చట్టం ఆ తలుపు తెరిచింది. పౌరుల భార్య, భర్త, మైనరు పిల్లలతో పాటు తల్లిదండ్రులకు కూడా సంఖ్యా పరిమితి లేకుండా చేసింది. మీకు వర్తించేది అదే. మీ అమ్మాయి అమెరికా పౌరురాలైతేనే మీకు గ్రీన్ కార్డు అడగగలదు. హెచ్-1బి మీద ఉన్నా, గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నా కుదరదు. ఇది ముందు అడిగి తెలుసుకోండి.

పౌరురాలైతే, దరఖాస్తుతో పాటు ఐ-864 అనే పత్రం మీద సంతకం పెట్టాలి. మా తల్లిదండ్రులను నేను పోషిస్తాను, వాళ్ల రాబడి పేదరికపు గీతకు ఒకటింపావు వంతు కంటే కిందికి పడకుండా చూస్తాను అని ప్రభుత్వానికి రాసివ్వడం. 1997 చివరి నుంచి అమల్లో ఉంది. మీరు పౌరులయ్యేదాకా, లేదా పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా గ్రీన్ కార్డు వదులుకుని దేశం విడిచేదాకా అది చెల్లుతుంది. ఆమె విడాకులు తీసుకున్నా రద్దు కాదు. ఆ కాగితం పట్టుకుని తల్లిదండ్రులే కోర్టుకు వెళ్లవచ్చు. మొదటిసారి చదివినప్పుడు నాకు రేకు పెట్టెలోని దస్తావేజు కళ్లముందు మెదిలింది. ఎదురింటి అమెరికన్ కొడుకును ఇలాంటి సంతకం ఎవరూ అడగరు, అతని తల్లికి సోషల్ సెక్యూరిటీ ఉంది. మీరు జీవితమంతా ఇక్కడ పనిచేయలేదు గనుక మీకు లేదు. అందుకని 1940కి ముందున్న అమెరికా కుటుంబం ఇవాళ మీలాంటివాళ్లకు తిరిగి మొదలవుతుంది. కట్టెల బదులు ఆరోగ్య బీమా.

ఆ బీమాయే అన్నిటికంటే పెద్ద ఖర్చు. 65 దాటినా మెడికేర్‌లో చేరడానికి గ్రీన్ కార్డుతో అయిదేళ్లు ఇక్కడే ఎడతెగకుండా ఉండాలి. ఆ తర్వాతా, ఇక్కడ పని లెక్క లేనివాళ్లు నెలనెలా డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఈలోపు బయట బీమా కొనాలి. గ్రీన్ కార్డు పెట్టుకుని ఏడాదికి మించి ఇండియాలో ఉంటే చిక్కు, ఆరు నెలలు దాటినా విమానాశ్రయంలో ప్రశ్నలు తప్పవు. అక్కడ సగం, ఇక్కడ సగం అనుకునేవాళ్లకు విజిటర్ వీసాయే సుఖం. తొందరపడి గ్రీన్ కార్డు తీసుకుని, రెండేళ్లకే వెనక్కి ఇచ్చేసినవాళ్లను చాలామందిని చూశాను.

అక్కడికి వెళితే మీ ఇల్లూ అలాగే అవుతుందా అన్నారు. మీ పింఛను, విజయవాడలోనో వరంగల్‌లోనో మీ సొంతిల్లు అలాగే ఉంచుకుని వెళితే మీరు ఇక్కడి ముసలివాళ్లలాగే ఆలోచించడం మొదలుపెడతారు, అది తప్పేమీ కాదు. ఇల్లు అమ్మి ఆ డబ్బు అల్లుడి ఇంటి అప్పులో కలిపితే మాత్రం మీ చేతిలో ఏ దస్తావేజూ ఉండదు. దయచేసి అమ్మకండి. అమ్మాయి ఇంట్లో కింది గది అడగండి, వీలైతే బయటికి వేరే తలుపున్నది. మనవల పని ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు అన్నది మొహమాటం లేకుండా మొదటి నెలలోనే మాట్లాడుకోండి.

ఇంకొకటి. డాలస్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో బస్సులు ఉండవు. గుడి ఇరవై మైళ్లు, కూరల దుకాణం అయిదు మైళ్లు, వేసవిలో నడుద్దామంటే నిప్పుల కొలిమి. ఒహాయో పెద్దావిడ తాతగారు ఆదివారం గుర్రం కావాలని ఎందుకు రాయించుకున్నాడో నాకు ఆ ఊళ్లు చూశాకే తెలిసింది. మీ ఇద్దరిలో ఒకరైనా ఇక్కడ కారు నడపడం నేర్చుకుంటారా, లేకపోతే వారంలో ఏ రోజు ఎవరు తిప్పుతారు అన్నది టికెట్లు కొనకముందే అమ్మాయితో తేల్చుకోండి.